లేదనుటయు, ఇయ్యననుటయు

(సంఘ వార్షిక మహాసభయందు గరికపాడు గ్రామవాస్తవ్యుడగు నొక విశ్రాంతోపాధ్యాయుడు చదివిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వ్యవసాయమును గూర్చియు నాకంటె సమర్థులు ఈ సభలో ప్రసంగింప నున్నారు. నా విషయమును నేనే యెన్నుకొనవచ్చునని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. కావున చూచుటకు చిన్నదియై, మన యిండ్లలో పెద్దచిక్కులు తెచ్చిపెట్టుచున్న యొక సంగతిని మీ ముందుంచుచున్నాను. మనము ఓటు వేయని పక్షమువారు, మనకు సమ్మతముగాని మార్గమున నడచువారు, ఎన్నికల ఖర్చులకై మనలను చందా యడిగినచో ఏమని ప్రత్యుత్తర మీయవలెను?

పూర్వ మీ వేడికోలు నలుగురు పెద్దమనుష్యుల రూపమున అరుగుమీదికి వచ్చెడిది. నేడును వచ్చుచున్నది, దానికి తోడు సెల్‌ఫోనులో వాట్సాపు సందేశముగా గూడ వచ్చుచున్నది. క్రింద సొమ్ము పంపుటకు క్యూఆర్ కోడు ముద్రించి యుండును. మన పేరును, ఊరును, ఒక్కొక్కయెడ కులమునుగూడ వారి జాబితాలో నుండును. మన యభిప్రాయ మొక్కటియే యుండదు.

అప్పుడు మనవారు చేయు పనులు మూడు. ఒకటి, ఇంటిలో నుండియే పిల్లవానిచేత “నాయన పొలము వెళ్ళినాడు” అని చెప్పించుట. రెండు, “ఈయేడు పంట పోయినది, చేతిలో చిల్లిగవ్వ లేదు” అని మొగము చిన్నబుచ్చుకొనుట. మూడు, ఏదో యింత చేతిలో పెట్టి పంపి, వారు వీధిమలుపు తిరిగినంతనే దూషించుట. వీనికంటె వేరైన నాలవ మార్గ మొకటి కలదు. “ధనము కలదు. కాని మీ పక్షమునకు ఇయ్యను” అని మర్యాద తప్పక చెప్పుట. లేదనుట వేరు, ఇయ్యననుట వేరు. లేదనుట అసత్యము, విన్నవాడు పంట యింటికి వచ్చిన పిమ్మట మరల వచ్చును. ఇయ్యననుట సత్యము, విన్నవాడు మన మనస్సు నెరిగి పోవును. ఈ భేదమును విశదపరచుటయే నా యుద్దేశము.

ఇందుకు పురాణముల నెరిగినవారు ఆక్షేపణ చెప్పవచ్చును. అడుగవచ్చినవాడు దేవతల పక్షమువాడని శుక్రాచార్యుడు హెచ్చరించినను బలిచక్రవర్తి దానము మానలేదు. బ్రాహ్మణవేషమున రానున్నవాడు అర్జునుని తండ్రియగు ఇంద్రుడని సూర్యునివలన ముందుగనే తెలిసికొనియు కర్ణుడు కవచకుండలముల నిచ్చివేసెను. ప్రతిపక్షమువానికి గూడ లేదనక యిచ్చుటయే మన సంప్రదాయమని తలచువారు పెక్కురు. ఆ కథలను వినుచు పెరిగినవారమగుటచేతనే “ఇయ్యను” అను మాట మన నాలుకకు రాదు.

కాని విచారింపుడు. బలి తొలుత మాట యిచ్చెను. ఇచ్చిన మాటకు కట్టుబడెను. ఏ పక్షమునకును మాట యీయని మనకు ఆ బంధము లేదు. కర్ణుడిచ్చినది తన దేహముతో పుట్టినది. అదియును ఊరక యీయలేదు, ఇంద్రునివలన శక్త్యాయుధమును కోరి పుచ్చుకొనెను. అన్నిటికంటె ముఖ్యమగు భేద మింకొకటి కలదు. దానమనగా తన స్వత్వమును విడిచి యితరునకు ధారపోయుట. పుచ్చుకొన్నవాడు ఆ ధనముతో నేమి చేసినను ఇచ్చినవాని కది పట్టదు. ఎన్నికల చందా యట్టిది కాదు. అది గోడపత్రికయగును, సభయగును, వాహనమగును, తుదకు శాసనముగా మారి మన నెత్తిమీదనే నిలుచును. దాన మిచ్చువాడు దాతయగును. చందా యిచ్చువాడు భాగస్వామి యగును. ఆకలిగొన్నవాడు ఏ జెండా పట్టినవాడైనను అన్నము పెట్టుడు. అది దానము. జెండాకే సొమ్మడిగినపుడు ఆ జెండా మీకు సమ్మతమా కాదా యని యోచింపుడు. అది పౌరధర్మము.

ప్రేమ పేరిట ధనమడుగుట మన దేశమున క్రొత్తవిద్య కాదు. మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు 1909లో ముద్రింపించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున ఐదవ అధికరణములో కోశాభిసంహరణమను ప్రకరణము కలదు. బొక్కసము వట్టిపోయిన రాజు ప్రజలనుండి ధనమెట్లు రాబట్టవలెనో అందు వివరింపబడినది. ఆ వసూలునకు ఆయన వాడిన పేరు ‘ప్రణయము’! ముందుగా మాట్లాడి పెట్టుకొన్న మనుష్యులు అందరి యెదుట పెద్దమొత్తము లిత్తురు. దానిని జూపి తక్కినవారి నడుగుదురు. తక్కువ యిచ్చినవారిని చారులు పౌరులవలె నటించుచు ఎత్తిపొడుతురు. నేటి చందాసభలో మొదటి పేరు పెద్దమొత్తముతో చదువుటయు, “మీ ప్రక్కయింటివారు ఇంత యిచ్చిరి, మీ స్థాయికి ఇంతేనా?” యనుటయు ప్రాచీనకాలమునాటి యెత్తుగడయని ఆ గ్రంథము తెలుపుచున్నది. ఐనను అంతటి కౌటిల్యుడును ఈ ప్రణయము ఒక్కసారియే ప్రయోగింపవలెనుగాని రెండవసారి కూడదని నియమము పెట్టెను. మన పక్షములకు ఆపాటి సంకోచమైనను లేదు.

ఇక రెండుపక్షముల నడుమ నిలిచి ఇద్దరికిని పంచిపెట్టువారి మాట. భారతయుద్ధమునకు ముందు రుక్మి ఒక అక్షౌహిణితో పాండవుల శిబిరమునకు వచ్చి, భయపడుచున్నచో తోడ్పడెదనని అర్జునునితో ననెను. అర్జునుడు నవ్వుచు, భయము లేదని చెప్పి, ఉండినను పోయినను నీ యిష్టమని పంపివేసెను. రుక్మి దుర్యోధనునొద్దకు పోయి అదేమాట చెప్పగా అతడును తిరస్కరించెను. ఉభయులకు కావలసినవాడనని తలచినవాడు ఉభయులకును పనికిరానివాడయ్యెను. ఇందు రుక్మి గతికంటె అర్జునుని నవ్వు గమనింపదగినది. కాదనునప్పుడు కోపము తెచ్చుకొననక్కరలేదు.

మన కాలపు రుక్ములు కొందరు కాగితములమీద బయటపడిరి. 2018 జనవరి 2న ప్రకటింపబడిన ఎన్నికల బాండ్ల పథకమున, దాత యెవరో ప్రజలకు తెలియకుండ పక్షములకు ధనమిచ్చుటకు వీలుండెను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఓటరుకు సమాచారము తెలిసికొను హక్కు కలదని చెప్పి ఆ పథకమును కొట్టివేసెను. పిమ్మట మార్చిలో ఎన్నికల సంఘము పట్టికలు ప్రకటింపగా, పరస్పరము పోరాడుకొను పక్షములకు ఒకే సంస్థ ధనమిచ్చిన సందర్భములు దేశమంతట కన్పట్టెను. ఇద్దరి సిద్ధాంతములును ఒకేసారి నచ్చుట యెట్లు? నచ్చి యిచ్చినది చందా. వెరచి యిచ్చినది కప్పము. పేరు మార్చినంత మాత్రమున వస్తువు మారదు.

ఐతే ఇరుపక్షములకు నిచ్చుట యెల్లప్పుడును దోషమని నేను చెప్పను. దాచి యిచ్చుట దోషము. 1961లో జె.ఆర్.డి. టాటాగారు ప్రధానమంత్రి నెహ్రూగారికి స్వయముగా జాబు వ్రాసిరి. తమ సంస్థలు కాంగ్రెసునకు చందా లిచ్చుచున్నను, దేశమునకు బాధ్యతగల ప్రతిపక్ష మావశ్యకమని తోచుటచే స్వతంత్రపార్టీకిని ఇయ్యదలచితిమని అందు తెలిపిరి. ఆ పార్టీ 1959లో రాజాజీగారి ప్రేరణమున పుట్టినది. మన ఆచార్య రంగాగారు దానికి అధ్యక్షులు. అధికారమున నున్న నాయకునితో, మీ విరోధులకు గూడ సొమ్మిత్తునని వ్రాయుట సామాన్యమా? నెహ్రూగారు ఆగ్రహింపలేదు. ఆ పార్టీకి తోడ్పడుటకు మీకు పూర్తి స్వేచ్ఛ కలదు, కాని అది బలమైన ప్రతిపక్షమగునను మీ యాశ నెరవేరునని నాకు తోచదు అను భావముతో బదులు వ్రాసిరి. 1962 ఎన్నికలలో స్వతంత్రపార్టీకి లోకసభలో పదునెనిమిది స్థానములు వచ్చినవి. ఎవరి యూహ సరియైనదో మీరే చెప్పుకొనుడు. నాకు కావలసినది ఆ రెండు జాబుల మర్యాద. ఇచ్చువాడు దాచలేదు, వినువాడు బెదిరింపలేదు.

ఇయ్యననుటకు మన జాతీయోద్యమమున ఇంతకంటె గొప్ప నిదర్శనము కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వపక్షమున యుద్ధనిధులకు చందాలు పోగుచేయబడుచుండెను. 1940 అక్టోబరు 17న వినోబాజీతో ఆరంభమైన వ్యక్తి సత్యాగ్రహమున, యుద్ధమునకు మనుష్యులనుగాని ధనమునుగాని ఇయ్యరాదని సత్యాగ్రహులు ప్రకటించిరి. మన ఆంధ్రదేశమునందును పలువు రట్లు చెప్పి కారాగృహమునకు పోయిరి. పోవుటకు ముందు వారు చేసిన దేమి? ఏ దినమున, ఏ స్థలమున, ఏ వేళ మాట్లాడుదురో జిల్లా మేజిస్ట్రేటునకు ముందుగా జాబు వ్రాసి తెలుపుట. చాటుమాటు లేదు. పంట పోయినదని సాకు లేదు. తన పేరు వ్రాసి, “ఇయ్యను” అని చెప్పి, ఫల మనుభవించుటకు సిద్ధపడుట. అంతటివారు చెరసాలకు వెరవక పలికిన మాటను మనము వాట్సాపులో పలుకజాలమా?

నా యనుభవ మొకటి విన్నవించెదను. గడచిన యెన్నికలకు ముందు నేను ఓటు వేయని పక్షమువారు మా యింటికి వచ్చిరి. వారిలో నొకడు నాయొద్ద శబ్దమంజరి చదివినవాడు. నన్ను జూచి తల వంచుకొని, “గురువుగారూ, తమ పక్షము వేరని నే నెరుగుదును. జాబితాలో పేరున్నది గనుక వచ్చితిమి” అనెను. “నాయనా, పింఛను మొన్ననే వచ్చినది. కాని మీ పక్షమునకు ఇయ్యను. మీరు చెప్పు పనులలో రెండు నాకు మంచివిగా తోచలేదు” అని ఆ రెండును చెప్పితిని. అతడొకదానికి బదులు చెప్పెను, రెండవదానికి చెప్పలేదు. అందరును మజ్జిగ త్రాగి పోయిరి. ఆతడు నేటికిని దారిలో కనబడినచో బండి దిగి నమస్కరించును. నేను లేదనియున్నచో ఆ సంభాషణము జరిగెడిది కాదు. ఇచ్చియున్నచో, నా మనస్సున నున్న రెండు సందేహములును నాలోనే యుండి ద్వేషముగా మారెడివి.

మా గరికపాడు పూర్వమును నేడును సరిహద్దు గ్రామము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలియువరకు మా దాపుననే నైజాము పొలిమేర. అచ్చట హాలీ సిక్కా, ఇచ్చట కల్దారు రూపాయి. హాలీ రూపాయికి విలువ కొంత తక్కువ. కావున పొలిమేర నాణెము పుచ్చుకొనువాడు దానిపై నెవరి ముద్ర కలదో చూడక సంచిలో వేయడు. 2014 జూన్ 2న తెలంగాణరాష్ట్ర మేర్పడిన పిమ్మట మా ఊరు మరల సరిహద్దయ్యెను. హైదరాబాదు-విజయవాడ రహదారిపై మా చెక్‌పోస్టును మీరందరు నెరుగుదురు. ఎన్నికల నియమావళి అమలునందున్నపుడు ఏబదివేల రూపాయలకు మించిన నగదు తీసికొనిపోవువారు అది యెక్కడిదో ఆధారపత్రములు చూపవలసియుండును. ఆ బారికేడు ముందు బండి నిలిచినపుడెల్ల నాకొక తలంపు వచ్చును. సంచిలోని సొమ్ము ఎక్కడిదని అడుగువారు ఇచ్చట గలరు. చేతినుండి పోవు సొమ్ము ఎక్కడికి పోవుచున్నదని అడుగుకొనవలసినవారము మనమే.

అడుగుటకు చట్టము కొంత తోడ్పడుచున్నది. ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి, ఒకరినుండి సంవత్సరమున ఇరువదివేల రూపాయలకు మించి వచ్చిన విరాళమును పక్షము ఎన్నికల సంఘమునకు తెలుపవలెను. 2017లో జరిగిన సవరణమువలన, రెండువేలకు మించిన విరాళమును నగదుగా పుచ్చుకొన్నచో పక్షము తన ఆదాయపుపన్ను మినహాయింపును కోల్పోవును. కావున మీకు నచ్చిన పక్షమునకే యిచ్చినను బ్యాంకు ద్వారా యిండు, రశీదు పుచ్చుకొనుడు. రశీదీయని పక్షమునకు చందా యడుగు నర్హత లేదు.

విదేశములందున్న మన బిడ్డలకును ఒక మాట. అమెరికాలో ఎన్నికలు వచ్చినచో ఇరుపక్షములవారును ఫోను నంబరు దొరికినవారి కెల్ల చందా సందేశములు పంపుచుందురని మన పిల్లలు చెప్పుచున్నారు. ఆ దేశపు పౌరులును, గ్రీన్‌కార్డు గలవారును మాత్రమే అచ్చటి యెన్నికలకు ధనమీయవచ్చును. హెచ్ వన్ బి వీసాపై నున్నవారును, చదువుకొనుటకు పోయినవారును ఈయరాదు. పంపినవా డడిగెను గదా యని యిచ్చినచో తప్పు మనమీదికి వచ్చును. అట్లే అమెరికా పౌరసత్వము పుచ్చుకొన్నవారు మన దేశపు పక్షములకు విరాళ మీయరాదు. ఈ సంగతి తెలియక ప్రేమతో పంపువారికి ఇంటివారు జాబు వ్రాసి తెలుపుడు.

ఇక మన సంఘమునకు సంబంధించిన మాట. చందా యడుగువారు “మన కులమువాడు నిలిచినాడు, మీ కులసంఘము పదిమందిలో పలుచన కారాదు” అని వ్రాయుచున్నారు. కులము పేర ఓటడుగుట ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ పరిచ్ఛేదమున అవినీతిచర్యగా చెప్పబడినది. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నలుగురి మెజారిటీతో, అభ్యర్థి కులము మాత్రమే గాక ఓటరు కులము పేర నడుగుటయు ఇందు చేరునని తీర్పు చెప్పినది. ఓటునకు పనికిరాని కారణము నోటునకు మాత్ర మెట్లు పనికివచ్చును?

మనలో కొందరు మిత్రులు, సంఘనిధినుండి ఇరుపక్షములకు సమముగా కొంత యిచ్చినచో ఎవరు గెలిచినను మన వసతిగృహమునకు మేలు గదా యనుచున్నారు. వారి సదుద్దేశమును నేను శంకింపను. కాని ఆ నిధి యెవరిది? వితంతువొకతె పిడికెడు ధాన్యమమ్మి యిచ్చినది అందు కలదు. కూలికి పోయి కుమారుని చదివించుకొన్న తండ్రి, కుమారుని కుద్యోగము రాగానే తెచ్చియిచ్చిన మొదటి నూరురూపాయలు అందు కలవు. పిల్లల చదువునకని వా రిచ్చిరి. ఈ పందిటిలో కూర్చున్నవారిలో రెండు మూడు పక్షములవారు కలరు. ఒకని సొమ్మును అతని విరోధిపక్షమునకు అతనిచేతనే యిప్పించుటకు మనకు హక్కెవ్వ రిచ్చిరి? విడివిడిగా “ఇయ్యను” అని చెప్పగల పౌరుని, సంఘమున చేర్చుకొని యా మాట చెప్పలేనివానిగా చేయుట యన్యాయము.

ఇంకొక కష్టము కలదు. దానిని దాటవేసి పోరాదు. అధికారమున నున్న పక్షమువా రడిగినపుడు ఇయ్యననుట అందరికిని సుకరము కాదు. నాకు పింఛను కలదు, ఎవరును ఆపజాలరు. రేషను దుకాణము నడుపువాడు, కాంట్రాక్టు బిల్లు రావలసినవాడు, భూమి తగాదాలో కాగితము తిరుగుచున్నవాడు ఏమి చేయగలడు? ధైర్యముగా నుండుడని అరుగుమీద కూర్చుండి చెప్పుట నావంటివారికి తేలిక. కావున సంఘము చేయవలసిన పని యిచ్చట కలదు. ఎవరికిని చందా యీయక, ఈయనందున కష్టము వచ్చినవానికి అండగా నిలుచుట. అతని బిల్లు ఆగినచో నలుగురు పెద్దలు అతనితో కూడ కార్యాలయమునకు పోవలెను. సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ వ్రాసిపెట్టవలెను. న్యాయవాదులైన మనవారు వారమునకొక గంట అతనికై కేటాయింపవలెను. ఆతడు మన పక్షమువాడా, ఎదుటి పక్షమువాడా యని యడుగరాదు. దానములలో అభయదానము గొప్పదని పెద్దలు చెప్పుదురు. మన సంఘము రాజకీయముగా చేయదగిన దానమదియే.

జాబు వ్రాయుట తెలియక వెనుదీయువారికై యొక నమూనా చదివెదను. కావలసినవారు వ్రాసికొనుడు.

“అయ్యా, మీ చందా యభ్యర్థన చేరినది. నన్ను తలచినందులకు కృతజ్ఞుడను. నేను మీ పక్షమును బలపరచువాడను గాను. కావున విరాళ మీయజాలను. మీ జాబితానుండి నా పేరును నంబరును తొలగింప వేడుచున్నాను. మా ఊరి త్రాగునీటిని గూర్చియు, పాఠశాలను గూర్చియు మీ పక్షమేమి చేయదలచినదో తెలిపినచో శ్రద్ధగా చదువుదును. ఇట్లు, ఊరు, పేరు, తేది.”

ఇందు దూషణ లేదు, సాకు లేదు. చివరివాక్యము ముఖ్యము. ధనమీయకున్నను వారి మాట వినుటకు మనము సిద్ధముగా నున్నామని అది తెలుపుచున్నది. రేపు వారే గెలిచినచో వారు మనకును ప్రభుత్వమే. చందా యీయని ఊరికి గూడ నీరు పారింపవలసినవారు వారే. నేడు మర్యాదగా ఇయ్యనని చెప్పినవాడు రేపు తలయెత్తి వారి నడుగగలడు. నేడు లేదని తప్పించుకొన్నవాడు రేపును గోడచాటుననే నిలువవలెను.

కావున కార్యనిర్వాహకవర్గమునకు నా మనవి రెండు మాటలలో చెప్పి విరమించెదను. సంఘనిధినుండి ఏ రాజకీయపక్షమునకును ఒక్కరూపాయియైనను ఈయరాదని ఈ సభ తీర్మానింపవలెను. ఏ పక్షమునకైనను చందా యీయనందున ఇబ్బందిపడు సభ్యునికి తోడ్పడుటకు ఐదుగురితో నొక ఉపసంఘ మేర్పరుపవలెను. అందు అన్ని పక్షములవారు నుండవలెను. మొదటి తీర్మానము సులభము, ఖర్చు లేనిది. రెండవది కష్టము. రెండవది లేనిచో మొదటిది కాగితముమీది యక్షరములుగనే మిగులును.